అట్టగొట్టాలతో ఇళ్ళు కట్టే పెద్దమనిషి



పోయిన నెల్లో సెలవులకి ఇంటికొచ్చిన మా అమ్మాయి బ్యాగు కింద పెట్టీ పెట్టకుండానే, "అమ్మా, మనం చీరలు కొనే కొట్లో గుడ్డ తానుల మధ్య అట్టగొట్టాలుంటాయి కదా, ఓ పది అడిగి తెచ్చిపెట్టవా?" అంది. ఎందుకే అంటే, "ఇల్లు కట్టాలి" అంది. తను ఆర్కిటెక్చర్ చదువుతోంది లెండి. కాలేజీలో ఒక్కొక్కళ్ళకీ ఒక్కో ఆర్కిటెక్టుని అప్పగించారట. ఆయన గురించి చదివి, ఆయన కట్టినదాని నమూనా ఒకటి చేసి పట్టుకెళ్ళాలట.

వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అత్తయ్యగారు తలెత్తి, "అట్టతో ఇల్లేవిటే! వానొస్తేనో?" అన్నారు. చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం. ఆ అనుమానం తీరేసరికి ఆ రాత్రి పదకొండయింది. అత్తయ్యగారు కూడా నిద్ర మానుకుని విన్నారు. అందుకే ఈ వారం వంట కబుర్లూ, పొదుపు కబుర్లూ కాస్త పక్కన పెట్టి ఆయన గురించే రాస్తున్నాను. చదివాక మీరే అంటారు, ఇదీ మన ఇంటి కబురేనని.

కుట్టుపని ఇంట్లో పెరిగిన పిల్లాడు

ఆయన పేరు షిగెరు బాన్. 1957లో జపాన్ రాజధాని టోక్యోలో పుట్టారు. తండ్రి టొయోటా కంపెనీలో ఉద్యోగి. తల్లి ఆడవాళ్ళ దుస్తులు డిజైన్ చేసే ఆవిడ. ఆవిడ పని పెరిగి, కుట్టేవాళ్ళు ఎక్కువయ్యే కొద్దీ ఇల్లు చాలేది కాదు. వడ్రంగులు వచ్చి ఇంటిని మార్చి కడుతూ ఉండేవారు. అది చెక్క ఇల్లు. పిల్లాడు వాళ్ళ వెనకాలే తిరుగుతూ, మిగిలిన చెక్కముక్కలు ఏరుకుని ఏవేవో చేసుకునేవాడు. పెద్దయ్యాక వడ్రంగినే అవుతానని చెప్పేవాడట.

మనం పిల్లలు ఇలాంటివి ఏరుకొస్తే "చెత్తంతా ఇంట్లోకి తెచ్చావు" అని కసురుతాం. ఇకమీదట కాస్త ఆలోచించి కసరాలి సుమండీ!

1977లో ఆయన అమెరికా వెళ్ళి మొదట లాస్ ఏంజలిస్‌లోనూ, తర్వాత న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్‌లోనూ ఆర్కిటెక్చర్ చదివారు. మధ్యలో కొన్నాళ్ళు జపాన్‌లో అరాటా ఇసొజాకి అనే పేరున్న ఆర్కిటెక్టు దగ్గర పనిచేశారు. 1984లో చదువు ముగించి, ఆ మరుసటి ఏడే టోక్యోలో సొంతంగా ఆఫీసు తెరిచారు.

పారేసే గొట్టం పనికొచ్చింది

1986లో ఆయనకి ఒక ప్రదర్శన ఏర్పాటు చేసే పని వచ్చింది. ఫిన్లాండ్ దేశపు గొప్ప ఆర్కిటెక్టు ఆల్వార్ ఆల్తో గురించిన ప్రదర్శన అది. ఆల్తో చెక్కపనికి పేరు. కాబట్టి ప్రదర్శన కూడా చెక్కతో చేస్తే బావుంటుంది. కానీ అంత డబ్బు లేదు. పైగా నాలుగు రోజులుండి తీసేసే దానికి చెక్కంతా పాడుచేయడం ఆయనకి మనసొప్పలేదు.

అప్పుడు ఆఫీసులో మూలపడున్న గొట్టాలు కంటబడ్డాయి. ఆర్కిటెక్టులు గీతలు గీసుకునే పల్చటి కాగితం చుట్టలుగా వస్తుంది. కాగితం అయిపోయాక లోపలి అట్టగొట్టం మిగులుతుంది. పారేయబుద్ధికాక దాచినవే ఇవి. ఫ్యాక్టరీకి వెళ్ళి కనుక్కుంటే, ఈ గొట్టాలు పాత కాగితంతోనే తయారవుతాయనీ, ఎంత పొడుగు, ఎంత లావు, ఎంత మందం కావాలంటే అంతా చేయొచ్చనీ, ఖరీదు కూడా తక్కువేననీ తెలిసింది. ఆ గొట్టాలతోనే ప్రదర్శన నిలబెట్టారు. చూస్తే అవి అనుకున్నదానికంటే గట్టిగా ఉన్నాయి.

అక్కడితో ఊరుకోలేదాయన. బరువు ఎంత మోస్తాయి, తడిస్తే ఏమవుతాయి అని పరీక్షలు చేయించారు. గొట్టానికి నీళ్ళు పట్టకుండా పూత పూయొచ్చు. తేలిగ్గా నిప్పంటుకోకుండా చేయొచ్చు. భూకంపాల దేశం కదండీ, అక్కడ ఇంటి నిబంధనలు మహా గట్టివి. అలాంటి దేశంలో అట్టగొట్టాలని ఇంటికి ఆధారంగా వాడటానికి ప్రభుత్వం చేత ఒప్పించారు. 1995లో యమనాకా సరస్సు దగ్గర తనకోసం కట్టుకున్న చిన్న ఇంటికి 110 గొట్టాలు నిలబెట్టారు.

మా అత్తయ్యగారి మొదటి ప్రశ్నకి అదీ జవాబు. "అయితే సరే, కానీ ఇంతా చేసి ఎవరి కోసం?" అన్నారావిడ. అసలు కథ అక్కడే ఉంది.

ఇల్లు లేనివాళ్ళ కోసం

1994లో ఆఫ్రికాలోని రువాండాలో జరిగిన మారణకాండ తర్వాత ఇరవై లక్షల మందికి పైగా ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి శిబిరాల పాలయ్యారు. వానల్లో దుప్పట్లు కప్పుకుని వణుకుతున్న వాళ్ళ ఫొటోలు బాన్ పత్రికలో చూశారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ వాళ్ళు ప్లాస్టిక్ పట్టాలు ఇస్తున్నారు. పట్టా కట్టుకోవాలంటే కర్ర కావాలిగా! లక్షల మంది చెట్లు కొట్టేసరికి అడవులు తరిగిపోతున్నాయి. పోనీ అని అల్యూమినియం గొట్టాలిస్తే, చేతిలో పైసా లేనివాళ్ళు వాటిని అమ్ముకుని మళ్ళీ చెట్లే కొట్టుకున్నారు. పాపం, వాళ్ళని తప్పుపట్టలేం. పిల్లలకి ఆకలేస్తుంటే ఇంట్లో ఇత్తడి బిందె అమ్ముకున్న తల్లులు మన ఊళ్ళల్లో లేరా?

బాన్ స్విట్జర్లాండ్‌లోని జెనీవా వెళ్ళి ఆ సంస్థ వాళ్ళకి అట్టగొట్టాల సంగతి చెప్పారు. చౌక గనక అమ్మితే ఏమీ రాదు, చెట్టు కొట్టక్కర్లేదు. వాళ్ళు ఆయన్ని సలహాదారుగా పెట్టుకున్నారు. 1999లో రువాండాలో యాభై గుడారాలు ఆ గొట్టాలతో వేసి చూశారు.

ఇంతలో 1995 జనవరి 17న జపాన్‌లోనే కోబె నగరంలో పెద్ద భూకంపం వచ్చింది. 6,400 మందికి పైగా పోయారు. అక్కడ వియత్నాం నుంచి వచ్చి బతుకుతున్న కుటుంబాలు పార్కులో ప్లాస్టిక్ పట్టాల కింద తలదాచుకున్నాయి. వాళ్ళు వెళ్ళే చర్చి కూడా కాలిపోయింది. బాన్ ఆ చర్చి ఫాదరుగారి దగ్గరికి వెళ్ళి, కాగితంతో చర్చి కడదామన్నారు. మంటల్లో అంతా పోగొట్టుకుని కూర్చున్నాయన ముందు కాగితం మాట ఎత్తితే ఎలా నమ్ముతారు చెప్పండి! అయినా బాన్ వారం వారం టోక్యో నుంచి వెళ్తూనే ఉన్నారు.

మొదట ఆ కుటుంబాలకి ఇళ్ళు వేశారు. ఒక్కోటి సుమారు పదమూడడుగుల చదరం. పునాదికి ఏం వాడారో తెలుసా? బీరుసీసాలు పెట్టుకునే ప్లాస్టిక్ పెట్టెలు! వాటిలో ఇసకమూటలు నింపి వరసగా పేర్చారు. వాటిమీద నేల, అట్టగొట్టాలు పక్కపక్కనే నిలబెట్టి గోడ, పైన గుడారం గుడ్డ. కట్టింది కూలీలు కాదు, ఎక్కువమంది కాలేజీ పిల్లలే.

ఇక్కడో సంగతి మా అమ్మాయి చెబితే నవ్వొచ్చింది. ఒక కంపెనీవాళ్ళ పెట్టెలు ఎర్రవట. ఎరుపు ఈ గొట్టాల రంగుకి నప్పదని, పసుపు పెట్టెలున్న మరో కంపెనీని అడిగారట. చీరకి మ్యాచింగ్ జాకెట్టు ముక్క కోసం నాలుగు కొట్లు తిరిగే మనకి ఆ బాధ తెలుసు! కానీ తర్వాత ఆలోచిస్తే నవ్వు ఆగిపోయింది. నిలువ నీడ లేనివాళ్ళకి ఏదో ఒకటి పడేస్తే చాల్లే అనుకోలేదాయన. వాళ్ళకీ ఇల్లు కంటికి ఇంపుగా ఉండాలనుకున్నారు. కోబెలోనే అదే ఏడు 58 గొట్టాలతో చర్చి కూడా లేచింది. నూటఅరవై మంది స్వచ్ఛందంగా వచ్చి ఐదు వారాల్లో కట్టారు.

మన భుజ్‌కీ వచ్చారు

2001 జనవరి 26న, రిపబ్లిక్ డే నాడు, గుజరాత్‌లో వచ్చిన భూకంపం మనం ఎవరం మర్చిపోలేదు. ఆ ఏడే భుజ్‌లో కూడా ఆయన పద్ధతిలో అట్టగొట్టాల ఇళ్ళు వేశారు. అక్కడ బీరుపెట్టెలు దొరకలేదు. దాంతో కూలిపోయిన ఇళ్ళ రాళ్ళూ రప్పలే పునాదిలో పోసి, పైన మట్టితో మెత్తారు. మన ఊళ్ళలో అరుగు మెత్తినట్టే. కప్పుకి వెదురుబద్దలు వంచి కట్టి, రెండు చాపల మధ్య ప్లాస్టిక్ పట్టా పెట్టి కప్పారు.

ఇంకో ముచ్చట. ఇంటికి రెండు పక్కలా పైన త్రికోణంలా ఉండే చోట చాపకి చిన్న చిన్న కన్నాలు వదిలారు. గాలి ఆడుతుంది, పొగ పోతుంది. లోపలే వంట చేసుకోవచ్చు, ఆ పొగకి దోమలూ రావు. అంటే ఈ ఇంట్లో ఒకావిడ పొయ్యి వెలిగిస్తుంది అని కట్టేటప్పుడే ఆలోచించారన్నమాట. లక్షలు పోసి కట్టే ఎన్ని ఇళ్ళల్లో వంటగదికి సరైన కిటికీ లేదో మనకి తెలియదూ!

మరుగు

ఇప్పుడు చెప్పబోయేది విన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ఎందుకంటే అది నాకూ తెలిసిన సంగతి.

మాది కోనసీమ. 1996 నవంబరు 6న తుఫాను వచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మా ఇంటికప్పు ఎగిరిపోయింది, పెరట్లో కొబ్బరిచెట్లు ఒక్కటి మిగల్లేదు. ఊళ్ళో సగం మంది స్కూలు బిల్డింగులో ఉన్నాం. తిండి దొరికింది, మంచినీళ్ళూ దొరికాయి. కానీ ఒకే హాల్లో ఆడా మగా, పిల్లా పెద్దా. తడిసిన బట్టలు మార్చుకోవాలంటే మా అమ్మ ఒకవైపు, పిన్ని ఒకవైపు చీర పట్టుకుని నిలబడేవారు. చంటిపిల్లకి పాలివ్వాలంటే గోడవైపు తిరిగి కూర్చోవాలి. ఏడుపొచ్చినా అందరి ముందే ఏడవాలి. నాకు ఆ నాలుగు రోజుల్లో ఆకలి గుర్తు లేదు, మరుగు లేకపోవడమే గుర్తుంది. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పుకోలేదు కూడా. ప్రాణాలు దక్కాయి కదా, దీనికేమిటి అనుకుంటాం.

2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చినప్పుడు వేలమంది స్కూళ్ళ వ్యాయామశాలల్లో ఉన్నారు. అక్కడా ఇదే అవస్థ, ఇలా నెలల తరబడి. బాన్ దీనికి ఉపాయం ముందే తయారుచేశారు. లావు గొట్టాలకి కన్నాలు చేసి నిలువుగా పెట్టి, సన్నగొట్టాలు వాటిలో దూర్చి అడ్డంగా వేయడం, వాటికి గుడ్డ తెరలు వేలాడదీయడం. మేకులక్కర్లేదు, చేయి తిరిగిన పనివాళ్ళక్కర్లేదు. నిమిషాల్లో ఒక కుటుంబానికి ఒక గది తయారు. తెర తీస్తే పక్కవాళ్ళతో మాట్లాడుకోవచ్చు, వేసుకుంటే మన ఇంట్లో మనం ఉన్నట్టు.

అయితే చాలా శిబిరాల్లో అధికారులు మొదట వద్దన్నారు. తెరలు కడితే లోపల ఎవరేం చేస్తున్నారో చూసుకోవడం కష్టమని వాళ్ళ వాదన. ఆయన విసుక్కోకుండా ఒక్కో శిబిరానికీ వెళ్ళి, వేసి చూపించి ఒప్పించారు. చివరికి 50కి పైగా శిబిరాల్లో 1,800 గదులు అలా వెలిశాయి. ఇప్పుడు జపాన్‌లో ఎన్నో ఊళ్ళ పాలకులు ప్రమాదం రాకముందే ఆయన సంస్థతో ఒప్పందం రాసుకుంటున్నారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం నుంచి పారిపోయి పోలండ్ చేరిన తల్లీపిల్లలకీ, 2024 జనవరి 1న జపాన్‌లోని నోటోలో వచ్చిన భూకంప బాధితులకీ ఇవే తెరలు కట్టారు.

మా అమ్మ, పిన్ని పట్టుకున్న చీరా అదే, ఈయన కట్టిన తెరా అదే. తేడా ఏమిటంటే, మనవాళ్ళు చేతులు నొప్పెట్టేదాకా పట్టుకున్నారు. ఈయన ఆ చేతులకి బదులు రెండు అట్టగొట్టాలు పెట్టారు.

2011లోనే ఒనగావా అనే ఊళ్ళో సముద్రం మింగేయగా మిగిలిన చదును నేల తక్కువ. అక్కడి బేస్‌బాల్ మైదానంలో ఓడల మీద సరుకులు పంపే ఇనప కంటైనర్లు ఒకదానిమీద ఒకటి, చదరంగం గళ్ళలా మధ్య మధ్య ఖాళీలు వదిలి, మూడంతస్తుల దాకా పేర్చి సుమారు 190 కుటుంబాలకి ఇళ్ళు చేశారు. ఆ ఇళ్ళల్లో ముందే అలమరాలు, అరలు అమర్చి ఇచ్చారు. సామాను సర్దుకునే చోటు లేకపోతే అది ఇల్లెలా అవుతుంది? ఈ మాట మన ఆడాళ్ళకి వేరే చెప్పాలా!

గోడల్లేని ఇల్లు

ఇంత మరుగు గురించి ఆలోచించే మనిషే, ఒక ఇంటికి లోపల గోడలు లేకుండా చేశారంటే నమ్ముతారా? 2000లో టోక్యో దగ్గర కవగోయెలో ఒక కుటుంబం కోసం కట్టారు. ముసలావిడతో సహా మూడు తరాలవాళ్ళు. ఎవరికి వాళ్ళు తలుపేసుకుని కూర్చునే ఇల్లు వద్దు, ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నా అందరం ఒకచోట ఉన్నట్టుండాలి అని అడిగారు వాళ్ళు. బాన్ పెద్ద హాలులాంటి ఇల్లు కట్టి, అందులో చక్రాలున్న నాలుగు చిన్న గదులు పెట్టారు. తోసుకుని ఎండ వచ్చే చోటికి పెట్టుకోవచ్చు, రెండు కలిపితే పెద్దగది, పిల్లలు గది నెత్తిన ఎక్కి ఆడుకోవచ్చు. వెలుతురు వచ్చే గోడల్లో వేడి, చలి ఆగడానికి ఏం నింపారనుకున్నారు? పళ్ళు పెట్టెల్లో దెబ్బతినకుండా వేసే తెల్లటి ప్లాస్టిక్ పోగులు!

శిబిరంలో ఉన్నవాళ్ళకి కావలసింది మరుగు, ఇచ్చారు. ఈ కుటుంబానికి కావలసింది కలివిడి, ఇచ్చారు. ఆయన పద్ధతి నాకర్థమైనంతవరకూ ఇదే. ముందు ఆ ఇంట్లో ఎవరుంటారు, వాళ్ళకేం కావాలి అని అడగడం. తర్వాత చుట్టుపక్కల ఏం దొరుకుతుందో చూడడం.

2020లో టోక్యోలో రెండు పార్కుల్లో ఆయన కట్టిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ వాడుకునే మరుగుదొడ్లు ప్రపంచమంతా మాట్లాడుకున్నారు. రంగురంగుల గాజుగోడలు, బయటికి అంతా కనిపిస్తుంది. అమ్మో అనుకోకండి. లోపలికెళ్ళి గడియ పెట్టగానే గాజు మసకబారి ఏమీ కనబడకుండా చేశారు. కొత్తచోట మరుగుదొడ్డి అంటే మనకి రెండు భయాలు. శుభ్రంగా ఉందో లేదో, లోపల ఎవరైనా దాక్కున్నారో. ఆ రెండు భయాలూ బయట నుంచే తీరిపోవాలని అలా చేశారట.

పెద్ద పనులూ చేశారు

ఈయన డబ్బున్నవాళ్ళకి కట్టరా అంటే, కడతారు. 2010లో ఫ్రాన్సులోని మెట్జ్ నగరంలో మ్యూజియం ఆయనదే. దాని చెక్క కప్పు వెదురుటోపీ అల్లికలా ఉంటుంది. ఆ పని చూసుకోవడానికి ప్యారిస్‌లో ఆఫీసు కావాల్సొస్తే, అద్దెలు భరించలేక, ఆ పని అప్పగించిన పాంపిడూ మ్యూజియం మేడమీదే అట్టగొట్టాలతో ఆఫీసు వేసుకుని ఏళ్ళ తరబడి అక్కడే పనిచేశారు. ఆర్కిటెక్టులు ఎప్పుడూ డబ్బూ అధికారం ఉన్నవాళ్ళకే పనిచేస్తున్నాం, అది తనకి నచ్చలేదు అని ఆయన చాలాసార్లు చెప్పారు. 2014లో ఆర్కిటెక్టులకి నోబెల్ అంతటిదని చెప్పే ప్రిట్జ్‌కర్ బహుమతి ఆయనకి వచ్చింది.

చివరిగా ఒక్కమాట. మా అత్తయ్యగారి ఆఖరి ప్రశ్న, "ఎన్నాళ్ళుంటాయే ఈ కాగితం కట్టడాలు?" అని. కోబెలో తాత్కాలికం అనుకున్న ఆ కాగితం చర్చి పదేళ్ళు నిలిచింది. 2005లో విప్పి తైవాన్ పంపిస్తే, అక్కడ 1999 భూకంపంలో దెబ్బతిన్న ప్రాంతంలో తావోమి అనే ఊళ్ళో 2008లో మళ్ళీ నిలబెట్టారు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2011 భూకంపానికి పెద్ద చర్చి పాడైపోతే, ఆయన పైసా తీసుకోకుండా డిజైన్ చేసిన అట్టగొట్టాల చర్చి 2013లో తెరిచారు. ఏడువందల మంది పడతారు. కాంక్రీటు కట్టడం భూకంపానికి కూలొచ్చు, లాభం కోసం కట్టింది పడగొట్టనూవచ్చు, జనం ప్రేమించింది కాగితమైనా నిలుస్తుంది అంటారాయన.

అది విని అత్తయ్యగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ మావగారు వేసిన తాటాకు పంచ కూడా అంతే. ఏటా నేయించుకున్నాం కాబట్టి ముప్ఫయ్యేళ్ళుంది" అన్నారు.

మర్నాడు కొట్టుకెళ్ళి పది గొట్టాలు తెచ్చిపెట్టాను. మా అమ్మాయి భుజ్ ఇల్లే చేసింది. కప్పుకి నా పాత చాప ముక్క, పునాదికి పెరట్లో గులకరాళ్ళు. త్రికోణంలో కన్నాలు పెట్టడం మర్చిపోతే గుర్తుచేసింది నేనే!

మీ ఊళ్ళో తుఫానుకో, వరదకో శిబిరంలో గడిపిన రోజులు మీకూ ఉంటే, అప్పుడు ఏం లేక ఇబ్బందిపడ్డారో నాకు రాయండి. అన్నం, నీళ్ళు కాక ఇంకేం కావాలో ఆడవాళ్ళం మనం చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఈసారి మీ ఊళ్ళో తుఫాను షెల్టరు గురించి మాట వస్తే, నాలుగు గొట్టాలూ నాలుగు తెరలూ కూడా దాచి ఉంచమని ఒక్కరైనా అడగండి.

వచ్చే వారం మళ్ళీ మన చింతకాయ పచ్చడి దగ్గరికే వద్దాం.

ఉంటాను మరి.